తేలిక లోహ విమాన భాగాలకు రక్షణ పూతలు

విమానం పైచర్మం, రెక్కల లోపలి పట్టీలు, హెలికాప్టర్ గేర్‌బాక్సుల తొడుగులు ఎక్కువగా అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియం మిశ్రలోహాలతో తయారవుతాయి. గాలిలోని తేమ, ఉప్పు, పక్కనే ఆనుకుని ఉన్న మరో లోహం వీటిని తినేయకుండా వేసే పొరల వరుసనే రక్షణ పూతలు అంటారు. చూసేవాళ్లకు కనిపించేది పైరంగు ఒక్కటే. దాని కింద తుప్పును ఆపే మందు కలిపిన ప్రైమరు ఉంటుంది. ఆ ప్రైమరు కింద లోహాన్నే రసాయనికంగా మార్చి చేసిన పలుచని పొర ఉంటుంది. అతుకుల్లో సీలెంటు, చెయ్యి దూరని మూలల్లో మైనపు నూనె వేస్తారు. పైచర్మం మీది పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అంతే.

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు విమాన కర్మాగారాలు లేవు. తెలుగునాట ఈ పూతల పని జరిగేది హైదరాబాదులో, వీటి అవసరం బాగా తెలిసేది విశాఖలో. అయినా తేలిక లోహం ఎందుకు చెడుతుందో అర్థం కావాలంటే కొల్లేటి సీమను ఒకసారి చూడటం మేలు.

తేమ, ఉప్పు

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీరు దాదాపు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. వేసవిలో పైనుంచి నీరు తగ్గినప్పుడు పోటు వేళ ఉప్పునీరు అదే ఏటి వెంట వెనక్కి ఎగదన్నుతుంది. చుట్టూ చేపల చెరువులు, కాలువలు, వరిమడులు. గాలిలో తేమకు కొదవుండదు.

సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులో ఎక్కువ భాగం తీరానికి దగ్గరలో, మొదటి కొన్ని కిలోమీటర్లలోనే రాలిపోతుంది. కాబట్టి ఏలూరు గాలి విశాఖ గాలంత కటువైనది కాదు. కానీ లోహం విషయంలో ఎంత ఉప్పు పడిందన్నది సగం లెక్క. పడిన ఉప్పు ఎంతసేపు తడిగా ఉందన్నది మిగతా సగం. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. కోస్తా జిల్లాల్లో గాలి అంతకన్నా పొడిబారే రోజులు తక్కువ. రివెట్టు తల పక్కన పడిన సముద్రపు ఉప్పు రేణువు చుట్టూ ఏడాదిలో చాలా భాగం కంటికి ఆనని తడి ఉంటూనే ఉంటుంది. ఆ తడి చాలు, అక్కడ ఒక చిన్న బ్యాటరీ పనిచేయడానికి.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్లు వేసిన రన్‌వే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. కోస్తా యుద్ధానికి అంత దగ్గరగా ఉన్న రోజులవి. ఆ తరం అమెరికా సైనిక విమానాల లోపలి భాగాలకు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు ప్రైమరు పూసేవారు. అది జింకు క్రోమేటు. ఈ పూతల చరిత్రలో ముప్పాతిక భాగం ఆ రంగు చుట్టూనే తిరుగుతుంది. ఇప్పుడు ఈ సీమవాళ్లు విమానం ఎక్కాలంటే గన్నవరమో మధురపూడో వెళ్లాలి. తాడేపల్లిగూడెంలోనే 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఆంధ్రప్రదేశ్ ఉంది. లోహశాస్త్రం, పదార్థశాస్త్రం అక్కడి బోధనాంశాల్లో ఉన్నాయి.

లోహాల స్వభావం

ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.85 గ్రాములు తూగితే టైటానియం 4.5, అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74 గ్రాములు తూగుతాయి. బరువు తగ్గినకొద్దీ ఎగరడం సులువు. అయితే టైటానియాన్ని పక్కన పెడితే, ఈ తేలిక లోహాల్లో తేలికదనం పెరిగినకొద్దీ ఓర్పు తగ్గుతుంది.

స్వచ్ఛమైన అల్యూమినియం నిజానికి బాగానే తట్టుకుంటుంది. గాలి సోకగానే దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర తనంతట తానే కడుతుంది. ఆ పొరకు ఆమ్లమూ క్షారమూ రెండూ పడవు. క్లోరైడు అసలే పడదు. ఇంట్లో పాత సత్తు గిన్నెలో ఉప్పు వేసిన పులుసు రాత్రంతా ఉంచితే అడుగున సూదిపోట్ల వంటి గుంటలు పడతాయి కదా, విమానం చర్మం మీద పడే గుంటలూ ఆ జాతివే. తేడా ఏమిటంటే గిన్నెకు చిల్లు పడితే పారేస్తాం. విమానానికి పడిన గుంట పగులుకు నాంది అవుతుంది.

అసలు చిక్కు బలం కోసం కలిపిన లోహాల్లో ఉంది. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906లో రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియం రోజులు గడిచినకొద్దీ గట్టిపడుతుందని కనిపెట్టాడు. దానిపేరే డ్యూరాలుమిన్. విమానయుగానికి అది వెన్నెముక అయింది. దాని వారసుడైన 2024 అనే మిశ్రలోహంలో రాగి నాలుగు శాతం పైచిలుకు. 7075 అనే మరో మిశ్రలోహంలో జింకు సుమారు 5.6 శాతం, దానికి తోడు మెగ్నీషియం, రాగి. బలమిచ్చే ఈ రాగే లోహంలో సూక్ష్మమైన రేణువులుగా చేరి, చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని కరిగిస్తుంది. అంటే లోహాన్ని చెడగొట్టే పదార్థాన్ని మనమే లోపల పెట్టి పైన పూత వేస్తున్నాం. పూత మీద ఇంత భారం పడటానికి కారణం ఇదే.

ఈ క్షయం కనిపించే తీరులు రకరకాలు. గుంటలు పడటం ఒకటి. రంగు కింద దారాలు పాకినట్టు సన్నటి గీతలుగా సాగేది ఫిలిఫార్మ్ క్షయం. రివెట్ల చుట్టూ, రంగు అంచుల దగ్గర ఎక్కువ. బలంగా సాగదీసి చేసిన 7075 భాగాల్లో లోహం పొరలు పొరలుగా లేచిపోతుంది. ఆ లోహాన్నే కాస్త ఎక్కువగా వేడిచేసి టీ73 స్థితికి తెస్తే పొరలు లేవడమూ, ఒత్తిడి కింద పగలడమూ బాగా తగ్గుతాయి. దానికి మూల్యంగా బలంలో పదోవంతుకు పైగా వదులుకోవాలి. పూత ఒక్కటే చాలనుకోకుండా ముందు లోహాన్నే సరిచేసుకోవాలని డిజైనర్లు నేర్చుకున్నది ఇలాంటి చోటే.

వేరు లోహాలు ఆనుకుంటే వచ్చే క్షయం మరో రకం. టైటానియం తాను చెడదు, పక్కనున్న అల్యూమినియాన్ని చెడగొడుతుంది. కార్బన్ ఫైబరూ అంతే. గన్నవరం వంటి విమానాశ్రయాలకు వచ్చే ఏటీఆర్-72 రెక్కల బయటి భాగంలో కార్బన్ ఫైబరు వాడారు. అలాంటి చోట్ల అల్యూమినియానికీ కార్బన్‌కూ మధ్య గాజుపీచు పొర పెట్టి, మరలను తడి సీలెంటులో ముంచి బిగించడం పద్ధతి.

తొలి పూతలు

1920ల్లో సముద్రం మీద దిగే విమానాలకు డ్యూరాలుమిన్ తేలుడు పెట్టెలు ఉండేవి. అవి ఎక్కువ కాలం నిలిచేవి కావు. ఆ బాధలోంచే 1923లో బ్రిటన్‌లో బెంగఫ్, స్టువర్ట్ క్రోమిక్ ఆమ్లంలో యానోడైజింగ్ చేసే పద్ధతి కనిపెట్టారు. భాగాన్ని ఆమ్లంలో ముంచి, దాన్ని ధన ధ్రువంగా చేసి విద్యుత్తు పంపితే సహజమైన ఆక్సైడు పొర వందల రెట్లు మందమవుతుంది. ఈ పొర పైన అతికించింది కాదు, లోహంలోంచే పెరిగింది; కొంత లోపలికి, కొంత పైకి. అందుకే రంగులా పెచ్చులూడదు. పొర నిండా సన్నటి రంధ్రాలుంటాయి. వేడినీటిలో ఉంచితే అవి మూసుకుంటాయి.

గంధకికామ్లంతో చేసే యానోడైజింగ్ చవక, పొరా మందం. మరి విమానాల్లో దశాబ్దాల పాటు క్రోమిక్ ఆమ్లాన్నే ఎందుకు పట్టుకున్నారు? రివెట్లు కొట్టిన అతుకు మధ్యలో ఆమ్లం చిక్కుకుంటుంది, ఎంత కడిగినా కొంత మిగులుతుంది. మిగిలింది గంధకికామ్లమైతే లోపల తింటూ పోతుంది. క్రోమిక్ ఆమ్లమైతే హాని చెయ్యదు. దాని పొర రెండు నుంచి ఐదు మైక్రాన్లే కాబట్టి మాటిమాటికీ వంగే భాగాల్లో పగుళ్లకు తావు తక్కువ. పైగా భాగంలో ముందే పగులు ఉంటే అందులోంచి ఆమ్లం చెమర్చి మరకగా కనిపిస్తుంది. ఒకే పనిలో పూతా, పరీక్షా.

1927లో అమెరికాలో ఆల్కోవా సంస్థకు చెందిన ఎడ్గర్ డిక్స్ మరో దారి పట్టాడు. బలమైన మిశ్రలోహపు రేకుకు రెండు వైపులా పలుచని స్వచ్ఛ అల్యూమినియం రేకులు అంటించి కలిపి చుట్టించాడు. ఆల్‌క్లాడ్ అంటే ఇదే. పైరేకు మందం ఒక్కో వైపు మొత్తంలో రెండున్నర నుంచి ఐదు శాతం. ఇది కేవలం కప్పు కాదు. గీత పడి లోపలి లోహం బయటపడినా చుట్టూ ఉన్న స్వచ్ఛ అల్యూమినియమే ముందు కరిగిపోయి దాన్ని కాపాడుతుంది. నేటికీ అల్యూమినియం ప్రయాణికుల విమానాల మొండెం పైచర్మం చాలావరకు ఆల్‌క్లాడే.

క్రోమేటు: మంచీ చెడూ

ఆరు సంయోజకత గల క్రోమియం పూతల్లోకి మూడు దారుల్లో వచ్చింది: యానోడైజింగ్ ద్రావణంగా, లోహం మీద బంగారు పసుపు రంగు తెచ్చే రసాయన పొరగా, ప్రైమరులో కలిపే జింకు లేదా స్ట్రాన్షియం క్రోమేటు పొడిగా. మూడింటిలోనూ దాని గుణం ఒకటే. పూత మీద గీత పడి తడి తగిలితే కొద్దిగా క్రోమేటు కరిగి ఆ గీతలోకి జారుతుంది, అక్కడ మూడు సంయోజకత గల క్రోమియంగా మారి గట్టి పొరై కూర్చుంటుంది. అంటే పూత తన గాయాన్ని తానే మాన్చుకుంటుంది. అడ్డుగోడలా నిలిచే పూతలు చాలా ఉన్నాయి. ఇలా వెళ్లి అతుకు వేసే పూత మాత్రం క్రోమేటుకు ముందు లేదు. దాని తర్వాత వచ్చినవీ దానితో అన్ని విధాలా సమానమని ధైర్యంగా చెప్పే స్థితి ఇంకా రాలేదన్నది ఈ వ్యాసకర్త అంచనా.

చెడు కూడా అంత పెద్దదే. ఆరు సంయోజకత గల క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. ప్రమాదం విమానంలో కూర్చున్నవాళ్లకు కాదు; ద్రావణం తొట్ల దగ్గర నిలబడేవాళ్లకు, ప్రైమరు పిచికారీ చేసేవాళ్లకు, పాత రంగును గీకేవాళ్లకు. 2006లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ పనిచోట గాలిలో దీని మోతాదును ఘన మీటరుకు 5 మైక్రోగ్రాములకు కుదించింది. ఐరోపాలో 2017 సెప్టెంబర్ 21 తర్వాత క్రోమియం ట్రయాక్సైడును ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదన్నారు. విమాన పరిశ్రమ గడువున్న అనుమతులతో నెట్టుకొస్తూ ప్రత్యామ్నాయాల కోసం వెతుకుతోంది.

యానోడైజింగ్‌లో మార్పు తేలికగానే జరిగింది. బోయింగ్ బోరిక్, గంధకికామ్లాల మిశ్రమానికి, ఎయిర్‌బస్ టార్టారిక్, గంధకికామ్లాల మిశ్రమానికి మళ్లాయి. రసాయన పొరల్లో అమెరికా నౌకాదళ పరిశోధకులు తెచ్చిన త్రిసంయోజక క్రోమియం పద్ధతి నిలదొక్కుకుంది. దానితో వచ్చిన చిన్న తలనొప్పి ఏమిటంటే ఆ పొరకు దాదాపు రంగుండదు. పాత పసుపు పొర అయితే ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో దూరం నుంచే తెలిసేది.

గట్టి ముడి ప్రైమరు దగ్గర ఉంది. 1980ల్లో ఆస్ట్రేలియా పరిశోధకులు సీరియం లవణాలు అల్యూమినియం క్షయాన్ని అణచగలవని చూపారు. సీరియం మోనజైట్ ఖనిజంలో దొరుకుతుంది. అది మన కోస్తా ఇసుకలోనే ఉంది. మెగ్నీషియం పొడి నింపిన ప్రైమర్లు అమెరికాలో, లిథియం లవణాల ప్రైమర్లు నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకున్నాయి. మొదటిది తాను కరిగి లోహాన్ని కాపాడుతుంది. రెండోది క్రోమేటులా కరిగి గీతలోకి చేరి పొర కడుతుంది. ఆశ ఎక్కువగా ఉన్నది ఈ రెండో దారి మీదే.

మెగ్నీషియం తొడుగులు

మెగ్నీషియం సంగతి వేరు. అన్ని నిర్మాణ లోహాల్లోకీ విద్యుత్ రసాయనికంగా బలహీనమైనది ఇదే. ఏ లోహంతో జతకట్టినా ముందు కరిగేది తానే. ఇనుము, నికెలు, రాగి మలినాలు లేశమాత్రం ఉన్నా క్షయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీని ఆక్సైడు పొర లోహాన్ని పూర్తిగా కప్పదు. అయినా హెలికాప్టర్ గేర్‌బాక్సు తొడుగులకు దీన్ని వదలలేకపోతున్నారు, ఎందుకంటే బరువు అంత తగ్గుతుంది.

డౌ-17, హెచ్‌ఏఈ అనే పాత యానోడైజింగ్ పద్ధతుల తర్వాత ఎపాక్సీ రెసిన్‌ను వేడిమీద కాల్చి రంధ్రాలు నింపడం ఆనవాయితీ. ఇప్పుడు వాటి చోటులోకి వస్తున్నది సూక్ష్మ విద్యుత్ చాప ఆక్సీకరణం. మామూలు గంధకికామ్ల యానోడైజింగ్ పదిహేను ఇరవై వోల్టులతో జరిగితే ఇది కొన్ని వందల వోల్టులతో, పలుచని క్షార ద్రావణంలో జరుగుతుంది. భాగం ఉపరితలం మీద వేల నిప్పురవ్వలు మెరుస్తాయి. ఒక్కో రవ్వ దగ్గర ఆక్సైడు కరిగి, వెంటనే చల్లబడి, పింగాణీ వంటి గట్టి పొరగా పేరుకుంటుంది.

హైదరాబాదు, విశాఖ

సూక్ష్మ విద్యుత్ చాప ఆక్సీకరణాన్ని మన దేశంలో స్వంతంగా అభివృద్ధి చేసిన సంస్థల్లో ముందు చెప్పుకోవలసింది హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ. పొడి లోహశాస్త్రం, కొత్త పదార్థాల పరిశోధన దాని పని. సూక్ష్మ చాప పొర గట్టిదే గాని పదేపదే వంగే భాగంలో పగుళ్లకు దారి ఇస్తుంది. అక్కడి పరిశోధకులు ముందు లోహాన్ని చిన్న గుళ్లతో కొట్టి ఉపరితలాన్ని బిగించి, ఆపైన పొర పెంచితే ఆ నష్టం ఎంతవరకు తగ్గుతుందో పరిశీలించారు. అదే సంస్థలో సోల్-జెల్ పూతల (ద్రావణం జెల్లుగా గట్టిపడి పొరయ్యే పూతల) విభాగం ఉంది. హాలాయ్‌సైట్ అనే బంకమట్టి ఖనిజం సహజంగానే సన్నటి గొట్టాల రూపంలో ఉంటుంది. ఆ గొట్టాల్లో సీరియం వంటి క్షయ నిరోధకాలను నింపి పూతలో కలుపుతారు. గీత పడినచోట గొట్టం తెరుచుకుని మందు వదులుతుంది. క్రోమేటు దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన పనిని విషం లేకుండా చేయించే ప్రయత్నమిది.

ఆదిభట్లలో టాటా సంస్థలు సీ-130జే విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల మొండెం, బోయింగ్ 737 నిలువు తోకలు తయారుచేస్తున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాల మరమ్మతు కేంద్రం ఉంది. ఒక చోట పూత వేస్తారు, మరో చోట ఏళ్ల తర్వాత అది ఏమైందో విప్పి చూస్తారు.

పూతకు కఠిన పరీక్ష మాత్రం విశాఖలోనే. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగ సముద్రపు గాలి నేరుగా తగిలేంత దగ్గర. ఓడల మీద నుంచి ఎగిరే హెలికాప్టర్లకు మంచినీటితో కడగడం నిత్యకృత్యం. పూత ఎంత మంచిదైనా ఉప్పును దాని మీద నిల్వ ఉంచకూడదు. బీచ్ రోడ్డులో 2017 డిసెంబర్ నుంచి ప్రదర్శనలో ఉన్న టీయూ-142 అంతకుముందు 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసిన రకం విమానం. సముద్రానికి ఎదురుగా, ఆరుబయట. చూడబోయేవాళ్లు రివెట్ల వరుసలను, రేకుల అంచులను గమనించవచ్చు. అక్కడైతే రంగు వేస్తూనే ఉండాలి.

పరీక్ష, నిర్వహణ

కొత్త పూతను ఉప్పునీటి పొగ గదిలో పరీక్షిస్తారు. 5 శాతం ఉప్పు ద్రావణం, 35 డిగ్రీల సెల్సియస్, ఆగకుండా పొగమంచు. అమెరికా సైనిక ప్రమాణాల ప్రకారం రసాయన పొర 168 గంటలు, యానోడైజింగ్ పొర 336 గంటలు నిలవాలి. ఎపాక్సీ ప్రైమరును లోహం దాకా గీసి 2,000 గంటలు ఉంచుతారు. అయితే ఆ గదిలో తడి ఆరదు, ఎండ ఉండదు. బయట పగలు ఎండి రాత్రి తడిసే చక్రంలో పూత ఎలా ఉంటుందో అది చెప్పలేదు. పొగగదిలో గెలిచిన పూతలు తీరం పక్కన ఆరుబయట ఓడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఆరుబయటి పరీక్ష ఏళ్ల తరబడి సాగుతుంది గనుక తయారీదారులకు ఇష్టం ఉండదు, కానీ నమ్మదగింది అదే.

వాడుకలో ఉన్న విమానంలో పూత ఓడేది విశాలమైన పైచర్మం మీద కాదు. మరుగుదొడ్ల కింద, వంటగది నేల కింద, తలుపుల గడపల్లో, అతుకుల మధ్య ఓడుతుంది. అల్యూమినియం తుప్పు తాను తిన్న లోహం కన్నా ఆరు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల అతుకులోని రేకులు ఉబ్బి రివెట్ల మీద లాగుతాయి. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా సంస్థ బోయింగ్ 737 పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. 19 ఏళ్లుగా దీవుల మధ్య ఉప్పుగాలిలో, దాదాపు 90 వేల సార్లు ఎగిరి దిగిన విమానమది. అతుకు జిగురు విడిపోయి, తేమ దూరి, క్షయమూ అలసట పగుళ్లూ కలిశాయి. సిబ్బందిలో ఒకరు మరణించారు. ఆ తర్వాత పాత విమానాలకు క్షయ నివారణ కార్యక్రమం తప్పనిసరి అయింది.

సరుకు గది కూడా ఈ బలహీన స్థలాల్లో ఒకటి. 2009లో వెనామీ రొయ్యల పెంపకానికి అనుమతి వచ్చాక హవాయి, ఫ్లోరిడాల నుంచి తల్లి రొయ్యలు ఉప్పునీటి సంచుల్లో, థర్మోకోల్ పెట్టెల్లో విమానాల మీద చెన్నై చేరుతున్నాయి. నీలాంకరై క్వారంటైన్ కేంద్రం దాటి కోస్తా హేచరీలకు, వాటి పిల్లలు కైకలూరు, ఆకివీడు చెరువులకు వస్తాయి. కొల్లేటి సీమ సంపదకు మూలమైన ఆ సంచుల్లో ఒక్కటి కారితే ఉప్పునీరు నేరుగా విమానం పొట్ట అడుగుకు చేరుతుంది. అందుకే తడి సరుకుకు నీరు కారని రెండు పొరల సంచులు, పీల్చుకునే పరుపు, కింద ప్లాస్టిక్ షీటు ఉండాలన్న నిబంధనలు ఉన్నాయి. కారిందని తెలిస్తే నేల పలకలు ఎత్తి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, నీరు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని చూసి, మైనపు నూనె మళ్లీ కొట్టాలి.

గుంట అప్పటికే పడి ఉంటే మెకానిక్ పని ఇంకో రకం. ఉక్కు బ్రష్షు వాడకూడదు. దాని ఇనుప రజను చిక్కుకుని కొత్త క్షయం మొదలవుతుంది. గుంటను అల్యూమినియం ఆక్సైడు కాగితంతో నునుపుగా రుద్ది, మిగిలిన మందం కొలిచి, తయారీదారు హద్దులో ఉందో లేదో చూస్తాడు. హద్దులో ఉంటే రసాయన పొర, ప్రైమరు, పైరంగు అదే వరుసలో తిరిగి వేస్తాడు. హద్దు దాటితే ఆ భాగానికి పూతతో పని లేదు, కోసి కొత్త రేకు వెయ్యాలి.